బీసెంట్ రోడ్డులో బండి పెట్టే జాగాకి మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి

శనివారం సాయంత్రం ఆరింటికి బీసెంట్ రోడ్డు వైపు కారులో వచ్చినవాళ్ళ అవస్థ బెజవాడలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కంకిపాడు నుంచో కొండపల్లి నుంచో పెళ్ళి బట్టలకని ఇంటిల్లిపాదీ వస్తారు, ఆడవాళ్ళని షాపు దగ్గర దింపేసి ఆయన కారేసుకుని గవర్నర్‌పేట వీధులన్నీ చుడతాడు, ఏలూరు రోడ్డు మీదకి ఒకసారి, మళ్ళీ లోపలికి ఒకసారి, చివరికి ఏదో సందులో ఎవరి గేటు ముందో పెట్టి ఫోన్ చేసేసరికి లోపల చీరల బేరం అయిపోయి ఉంటుంది. ఆ అరగంటలో ఆయనకి ఎంత చిరాకు వస్తుందో తర్వాతసారి ఆ కుటుంబం వన్ టౌన్, గవర్నర్‌పేట వదిలేసి బందరు రోడ్డు మీద సెల్లార్ ఉన్న పెద్ద షోరూముకి పోవడానికి అంత అవకాశం ఉంటుంది.

ఈ సమస్య మీద మాట్లాడేవాళ్ళంతా ఒకటే అంటారు, జాగా లేదు, పార్కింగ్ కట్టాలి, మల్టీ లెవెల్ కట్టాలి అని. కట్టడం సంగతి సరే, కట్టినదాన్ని ఎవరు చూసుకుంటారు అనే ప్రశ్న మాత్రం ఎవరూ ఎత్తరు. కట్టడానికి గ్రాంట్ వస్తుంది, శంకుస్థాపన ఉంటుంది, రిబ్బన్ ఉంటుంది. మూడేళ్ళ తర్వాత లైటు మార్చడానికి, కాలవ పూడిక తీయడానికి, గీతలు మళ్ళీ వెయ్యడానికి డబ్బు ఏ పద్దు కింద వస్తుందో ఎవరికీ తెలీదు.

సరిగ్గా చూసుకోని ఒక పార్కింగ్ జాగా ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడండి. కింద వేసిన ఇంటర్‌లాకింగ్ టైల్స్ అక్కడక్కడా కుంగిపోయి ఉంటాయి, సైడ్ స్టాండ్ వేస్తే బండి పక్క బండి మీదకి ఒరుగుతుంది. తెల్లగీతలు ఎప్పుడో చెరిగిపోయాయి కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్ళు అడ్డంగా పెడతారు, వంద బండ్లు పట్టే చోట డెబ్భై పడతాయి. ఆరు లైట్లలో రెండు వెలుగుతుంటాయి. వానపడితే నీళ్ళన్నీ ఒక మూలకి చేరి నాలుగు రోజులు అలాగే ఉంటాయి, ఆ మూలలో ఎవరూ బండి పెట్టరు, ఎవరూ పెట్టరు కాబట్టి అది చెత్త వేసే చోటైపోతుంది, ఆ తర్వాత వాసనకి పక్క వరస కూడా ఖాళీ అయిపోతుంది. రాత్రి ఏడు దాటాక ఒంటరిగా వచ్చిన ఆడపిల్ల అక్కడ స్కూటీ పెట్టడానికి భయపడి రోడ్డు మీదే పెట్టేస్తుంది, ట్రాఫిక్ వాళ్ళు ఫైన్ వేసినా సరే అనుకుంటుంది. అంటే జాగా ఉంది, ఉన్నా లేనట్టే. కొత్త జాగా కోసం కోట్లు పెట్టేముందు ఉన్న జాగాలో పోగొట్టుకున్న ముప్ఫై శాతం వెనక్కి తెచ్చుకోవడం చాలా తక్కువ ఖర్చు.

ఎందుకిలా అవుతుందంటే, మన ఊళ్ళలో పార్కింగ్ సాధారణంగా పాట మీద నడుస్తుంది. ఏడాదికో రెండేళ్ళకో వేలం పెడతారు, ఎక్కువకి పాడినవాళ్ళకి ఇస్తారు. పాడుకున్న మనిషికి ఆ గడువులో పెట్టిన డబ్బు రాబట్టుకోవడమే పని, గడువు కాగానే చేతులు మారే జాగాలో ఆయన టైల్స్ ఎందుకు వేయిస్తాడు, అందులో ఆయన తప్పు కూడా పెద్దగా లేదు. పాట డబ్బు జనరల్ ఫండ్‌లో కలిసిపోతుంది. లైట్లు ఒక విభాగం, కాలవలు ఇంకో విభాగం, ఊడవడం శానిటేషన్ వాళ్ళది, గోడ పడిపోతే ఇంజనీరింగ్ వాళ్ళది. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాకుండా పోతుంది.

దీనికి వేరే దేశాల్లో వాడుతున్న ఒక దారి ఉంది, ఆ పార్కింగ్ వల్ల ఎవరి ఆస్తులకి లాభమో వాళ్ళే ఏటా కొంత కట్టి దాన్ని నడపడం. ఇంగ్లీషులో దీన్ని అసెస్‌మెంట్ అంటారు కానీ మనకి ఆ మాట వినగానే ఇంటి పన్ను రసీదు మీద ఉండే అసెస్‌మెంట్ నెంబరు గుర్తొస్తుంది, అదీ ఇదీ ఒకటి కాదు కాబట్టి ఇక్కడ దీన్ని పార్కింగ్ వాటా అందాం. ఇంటి పన్ను ఊరి మొత్తానికి, దేనికైనా ఖర్చు పెట్టొచ్చు. ఈ వాటా ఒక ప్రాంతానికి, ఒక పనికి. ఆ ప్రాంతం దాటి బయటకి పోకూడదు, ఆ పనికి తప్ప వాడకూడదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. నెలనెలా అడుగుల లెక్కన మెయింటెనెన్స్ కడతారు, ఆ డబ్బుతో మోటారు, లిఫ్టు, వాచ్‌మన్, మెట్ల లైట్లు నడుస్తాయి. గ్రౌండ్ ఫ్లోర్ ఆయన నేను లిఫ్టు ఎక్కను, నేనెందుకు కట్టాలి అని ప్రతి మీటింగులో గొడవ పెడతాడు, ఆ గొడవలో న్యాయం కూడా ఉంది. ఎవరికి ఎంత లాభమో అంతే వసూలు చెయ్యాలి అనేది ఈ పార్కింగ్ వాటాకి ప్రాణం లాంటిది.

ఇంకా పాత ఉదాహరణ కావాలంటే ఈ ఊరు కృష్ణా డెల్టాకి తలకాయ లాంటిది, బ్యారేజీ దగ్గర నిలబడితే కాలవలు కనిపిస్తూనే ఉంటాయి. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది, ఆయకట్టు రైతులే ఓట్లేసి సంఘాన్ని ఎన్నుకోవాలి, రైతులు కట్టే నీటి తీరువాలో కొంత ఆ సంఘానికే వెనక్కి రావాలి, ఆ డబ్బుతో పూడిక తీయించుకోవాలి, తూములు బాగుచేయించుకోవాలి. అది అన్నిచోట్లా అనుకున్నట్టు నడిచిందని చెప్పలేం, కానీ కాలవ వల్ల ఎవరి పొలం తడుస్తుందో వాళ్ళకే దాని బాగోగుల్లో డబ్బూ ఓటూ రెండూ ఉండాలన్న ఆలోచన మనకి కొత్తది కాదు అని చెప్పడానికి ఇది చాలు. పార్కింగ్ జాగాకి కూడా ఆయకట్టు ఉంటుంది. చుట్టూ రెండు మూడు వందల మీటర్లలో ఉన్న షాపులు, లాడ్జీలు, హాస్పిటళ్ళు, ఆఫీసులు, ఇవే దాని ఆయకట్టు.

అమెరికాలో కాలిఫోర్నియాలో ఈ పద్ధతికి చాలా చరిత్ర ఉంది, 1943లోనే వాహనాల పార్కింగ్ డిస్ట్రిక్టుల కోసం చట్టం చేశారు. 1989లో వచ్చిన ఇంకో చట్టం ప్రకారం వాటా వ్యాపారం చేసేవాళ్ళ మీద వెయ్యొచ్చు, 1994 చట్టం ప్రకారం ఆస్తి ఉన్నవాళ్ళ మీద కూడా వెయ్యొచ్చు. కొలరాడోలో బౌల్డర్ అనే ఊళ్ళో 1970లో డౌన్‌టౌన్ ఆస్తుల మీద పన్ను వేసుకుని పార్కింగ్ బిల్డింగులు కట్టుకోవడం మొదలుపెట్టారు. అదే ఏడాది కెనడాలో టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారు వ్యాపారులు కలిసి తమ వీధి బాగు కోసం తామే వాటా వేసుకున్నారు, మాల్స్ వచ్చి బేరాలు లాక్కుపోతుంటే పాత బజారుని నిలబెట్టుకోవడానికి. మన వన్ టౌన్ వాళ్ళకి ఆ బాధ బాగా తెలుసు.

వీటన్నిట్లో మనం బాగా చూడాల్సింది 1996లో కాలిఫోర్నియా జనం ఓటేసి తెచ్చుకున్న ప్రొపొజిషన్ 218 అనే రాష్ట్ర రాజ్యాంగ సవరణ. అప్పటిదాకా ఊరి కౌన్సిళ్ళు పన్ను పెంచలేక వాటాల పేరుతో వసూళ్ళు పెంచుకుంటూ పోయాయి, జనానికి విసుగొచ్చి పగ్గం వేశారు. వాటా వెయ్యాలంటే ముందు ఇంజనీరు రిపోర్టు కావాలి, అందులో ప్రతి ఆస్తికి ప్రత్యేకంగా వచ్చే లాభం ఎంత, ఊరందరికీ వచ్చే మామూలు లాభం ఎంత అని విడదీసి చూపించాలి, ఊరందరి లాభానికయ్యే ఖర్చు వీళ్ళ నెత్తిన వెయ్యకూడదు, అది ఊరి ఖజానా నుంచే రావాలి. తర్వాత ప్రతి ఓనరుకీ మీ వాటా ఇంత అని పోస్టులో నోటీసు, దాంతోపాటు బ్యాలెట్, 45 రోజుల తర్వాత విచారణ. ఎవరు ఎంత కట్టాలో ఆ లెక్కన ఓటుకి బరువుంటుంది, తిరిగొచ్చిన బ్యాలెట్లలో వద్దు అన్న బరువు ఎక్కువైతే ఆ వాటా వెయ్యడానికి వీల్లేదు. ప్రభుత్వ ఆస్తులకి కూడా మినహాయింపు లేదు, లాభం లేదని గట్టిగా రుజువు చేసుకుంటే తప్ప.

మన దగ్గర ఇది ఎలా ఉంటుందో ఒక లెక్క వేద్దాం, ఇవి ఊహించిన అంకెలే, ఏ జాగావీ కావు. ఒక పార్కింగ్ జాగాకి మనుషుల జీతాలు, కరెంటు, ఊడవడం, గీతలు, డ్రైనేజీ, నాలుగేళ్ళకోసారి టైల్స్ మార్చడానికి దాచే డబ్బు అన్నీ కలిపి ఏడాదికి 24 లక్షలు అనుకుందాం. బండికింత కారుకింత అని టికెట్ల మీద 10 లక్షలు వస్తాయి. బజారు పని లేకుండా పెట్టుకునేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఊరందరి లాభం కింద కార్పొరేషన్ 2 లక్షలు ఇవ్వాలి. మిగిలింది 12 లక్షలు. జాగాకి వంద మీటర్ల లోపు ఉన్న బిల్డింగులు 60,000 చదరపు అడుగులు, ఆ తర్వాత వంద మీటర్లలో 80,000 అడుగులు. దగ్గరోళ్ళకి రెట్టింపు లాభం అని లెక్క కడితే అడుగుకి ఏడాదికి దగ్గరోళ్ళకి 12 రూపాయలు, దూరం వాళ్ళకి 6 రూపాయలు పడుతుంది. 300 అడుగుల షాపుకి దగ్గరైతే నెలకి 300, దూరమైతే 150. ఆ షాపు కట్టే అద్దె పక్కన పెట్టి చూస్తే ఇది పెద్ద భారం కాదు, కానీ పెద్ద భారం కాదు అన్న మాటతోనే మన దగ్గర ప్రతి వసూలూ మొదలవుతుంది, అందుకే జనం నమ్మరు.

నమ్మకపోవడానికి కారణాలు కూడా ఉన్నాయి. 2021లో చెత్త పన్ను వచ్చింది, ఊడ్చేది ఎలాగూ ఇంటి పన్నులోనే ఉంది కదా మళ్ళీ ఇదేంటి అని ఇళ్ళల్లో ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది, 2024లో ప్రభుత్వం మారాక దాన్ని ఎత్తేశారు. అదే 2021-22 నుంచి ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వెయ్యడం మొదలైంది, పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు కానీ ఏటా పెరిగే బిల్లు చూసేవాళ్ళకి ఆ పరిమితి ఏం ఊరట ఇస్తుంది. ఇంతమంది మీద ఇన్ని రకాలుగా పడ్డాక పార్కింగ్ వాటా అంటే ముందు తలుపు వేసేస్తారు.

ఇంకా బలమైన కారణం గ్రంథాలయ సెస్సు. ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్ళూ రూపాయికి 8 పైసలు లైబ్రరీల కోసం కడుతున్నారు, 1960 గ్రంథాలయాల చట్టం పెట్టిన పద్ధతి అది. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. జమ చెయ్యకుండా బకాయిలు పెట్టడం రాష్ట్రంలో ఏళ్ళ తరబడి నడుస్తున్న కథ, జనం మాత్రం ఒక్క ఏడాది కూడా కట్టడం మానలేదు. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్ళు లైబ్రరీ ఉద్యమం నడిపిన బెజవాడలో పుస్తకాల డబ్బు గురించి ఇలా రాసుకోవాల్సి రావడం బాధగా ఉంటుంది. ఒక పని పేరు చెప్పి తీసుకున్న డబ్బు ఉమ్మడి ఖజానాలో పడితే మళ్ళీ బయటకి రావడం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అందుకని పార్కింగ్ వాటాలో రేటు ఎంత అన్నదానికంటే ఖాతా ఎవరిది అన్నదే అసలు సంగతి. డబ్బు కార్పొరేషన్ జనరల్ ఖాతాలో పడిందంటే ఇది మొదలు పెట్టకపోవడమే మంచిది. ఆ ప్రాంతం పేరు మీద విడి బ్యాంకు ఖాతా ఉండాలి, సంతకం ఒకటి కార్పొరేషన్ అధికారిది ఒకటి ఓనర్లు ఎన్నుకున్న మనిషిది ఉండాలి, నెల తిరగ్గానే ఎంత వచ్చింది ఎంత పోయింది అని పార్కింగ్ గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. రైతుబజార్లలో ఆ రోజు రేట్లు బోర్డు మీద రాస్తారు కదా, అలాగ. ఆరు ట్యూబు లైట్లు మార్చాం, ఇంత అయింది అని చదివిన షాపాయన తల పైకెత్తి లైట్లు లెక్కపెట్టుకోగలగాలి.

కాలిఫోర్నియాలోనే పాసడీనా అనే ఊళ్ళో జరిగింది ఇదే. పాత డౌన్‌టౌన్ పాడుబడిపోయి ఉంది, రోడ్డు పక్క ఫ్రీ పార్కింగ్ అంతా షాపుల్లో పనిచేసేవాళ్ళ కార్లతోనే నిండిపోయేది, కస్టమర్లకి చోటు ఉండేది కాదు. ఊరి అధికారులు పార్కింగ్ మీటర్లు పెడతామంటే వ్యాపారులు ఒప్పుకోలేదు. మీటర్ల మీద వచ్చే డబ్బంతా ఈ వీధులకే ఖర్చు పెడతాం అని చెప్పాక ఒప్పుకున్నారు, 1993లో గంటకి ఒక డాలరు చొప్పున పెట్టారు, ఆ ఆదాయంతో ఫుట్‌పాత్‌లు, లైట్లు, చెట్లు, శుభ్రం అన్నీ బాగుపడ్డాయి, అమ్మకాలు పెరిగాయి. పార్కింగ్ మీద జీవితమంతా పనిచేసిన డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ ఈ ఊరినే ఎప్పుడూ ఉదాహరణగా చెప్పేవాడు. మన షాపుల ముందు కూడా పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ తీసేటప్పుడే ఓనరు బండి, నలుగురు సేల్స్ కుర్రాళ్ళ బండ్లు వచ్చి నిలబడతాయి, రాత్రి దాకా కదలవు. కస్టమర్‌కి చోటు లేదని బాధపడేది కూడా ఆ ఓనరే. స్టాఫ్ బండ్లకి దూరంగా ఇంకో జాగాలో నెల పాసు ఇస్తే ముందు వరస అంతా ఖాళీ అవుతుంది, దానికి కొత్త కట్టడం ఏదీ అక్కర్లేదు.

అయితే పాసడీనాలో డబ్బు బండి పెట్టినవాళ్ళ దగ్గర నుంచి వచ్చింది, ఓనర్ల దగ్గర నుంచి కాదు. టికెట్టు ఒక్కటే చాలుతుంది కదా, ఓనర్లెందుకు అని అడగొచ్చు. టికెట్టు రేటు బాగా పెంచితే మన దగ్గర బండి జనం సందుల్లోకి పోతారు, టూవీలరు ఎక్కడైనా దూరుతుంది మరి. రేటు తక్కువ పెడితే ఖర్చులకి చాలదు. ఆషాఢం సేల్స్, దసరా, సంక్రాంతి ముందు నిండిపోయి మిగతా నెలల్లో సగం ఖాళీగా ఉండే జాగాకి వాచ్‌మన్ జీతం మాత్రం పన్నెండు నెలలూ ఇవ్వాలి. ఆ నిలకడ వాటా ఇస్తుంది. పైగా పార్కింగ్ బాగుంటే అద్దె పెరిగేది ఓనరుకి, బిల్డింగు విలువ పెరిగేది ఓనరుకి, ఆ పెరుగుదలలో చిన్న ముక్క దాని బాగోగులకి పెట్టడం న్యాయమే.

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వన్ టౌన్‌లో, గవర్నర్‌పేటలో చాలా షాపుల్లో ఓనరు వేరు వ్యాపారం చేసేవాడు వేరు, పగిడీ, అంటే మొదట్లో ఒకేసారి పెద్ద మొత్తం, ఇచ్చి ముప్ఫై నలభై ఏళ్ళుగా పాత అద్దెకే ఉన్నవాళ్ళున్నారు. ఓనరు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు, వాటా నోటీసు చూడగానే అది అద్దెకున్నాయన మీద వేసేస్తాడు. అప్పుడు ఓటు ఓనరుది, డబ్బు అద్దెదారుది అవుతుంది, అది అన్యాయం. అద్దె ఒప్పందంలో వాటా ఎవరు కడితే వాళ్ళకే ఓటు బదలాయించే పద్ధతి మొదట్లోనే రాసుకోవాలి.

సెల్లార్ల సంగతి ఇంకా ముఖ్యం. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించి అనుమతి తెచ్చుకున్న సెల్లార్లు గోడౌన్లు అయ్యాయి, టైలర్ షాపులయ్యాయి, ల్యాబులయ్యాయి. ఆ బిల్డింగుకి వచ్చే బండ్లన్నీ రోడ్డు మీద ఉంటాయి. పక్కనే ఒకాయన బుద్ధిగా సెల్లార్ ఖాళీగా ఉంచి వాచ్‌మన్‌ని పెట్టి నడుపుతుంటాడు. ఇద్దరికీ అడుగుకి ఒకే వాటా వేస్తే మంచిగా ఉన్నవాడిని శిక్షించినట్టు. సొంత పార్కింగ్ నడిపేవాళ్ళకి ఆ మేరకు వాటాలో తగ్గింపు ఇవ్వాలి, సెల్లార్ మూసేసినవాళ్ళకి ఆ సెల్లార్ అడుగులు కూడా కలిపి పూర్తిగా వెయ్యాలి. అలాగని వాటా కట్టేశాం కాబట్టి సెల్లార్ రెగ్యులర్ అయిపోయింది అని ఎవరూ అనుకునే వీలు ఉండకూడదు, బిల్డింగుల క్రమబద్ధీకరణ పేరుతో ఒకసారి డబ్బు కట్టి తప్పుని శాశ్వతం చేసుకున్న అనుభవం మనకి ఉంది. వాటా రసీదు మీదే ఆ మాట స్పష్టంగా అచ్చేయాలి.

కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద రాజ్యాంగం 285వ అధికరణ వల్ల మామూలుగా పన్ను వెయ్యలేరు, సర్వీస్ ఛార్జీల రూపంలో మాట్లాడుకోవాల్సిందే. తోపుడు బండ్లవాళ్ళ మీద ఈ వాటా వెయ్యకూడదు, వాళ్ళకి ఆస్తి లేదు, వీధి వ్యాపారుల 2014 చట్టం వాళ్ళ సంగతి వేరుగా చూస్తుంది, పార్కింగ్ పేరు చెప్పి వాళ్ళని లేపెయ్యడానికి దీన్ని వాడుకోనివ్వకూడదు.

చట్టం విషయంలో, ఇంటి పన్నులో లైటింగ్‌కి, డ్రైనేజీకి విడివిడిగా భాగాలు పెట్టే ఆలోచన మన కార్పొరేషన్ల చట్టాల్లో ముందు నుంచీ ఉంది, కానీ ఒక్క బజారుకి మాత్రమే వాటా వెయ్యడం వేరే సంగతి. చట్టం ఇవ్వని పన్ను ఎవరూ వెయ్యలేరు అని 265వ అధికరణ చెప్తుంది. కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలదు, అసెంబ్లీలో సవరణ రావాలి. అది వచ్చేలోపు చెయ్యగలిగింది స్వచ్ఛందంగా చెయ్యడం, ఒక వీధి వ్యాపారుల సంఘం, కార్పొరేషన్ ఒప్పందం రాసుకుని పాట బదులు ఆ జాగాని సంఘానికే నడపడానికి ఇవ్వడం. దీంట్లో కట్టనివాడిని కట్టించే దారి లేదు, పదిమంది కడితే ఇరవైమంది ఊరికే అనుభవిస్తారు, అది తెలిసే మొదలుపెట్టాలి.

చట్టమే చేస్తే రెండు సంగతులు మర్చిపోకూడదు. మొదటిది గడువు. కాలిఫోర్నియా 1994 చట్టంలో మొదటిసారి ఐదేళ్ళకే అనుమతి, తర్వాత మళ్ళీ ఓనర్లు ఒప్పుకుంటేనే కొనసాగుతుంది, ఎక్కువలో ఎక్కువ పదేళ్ళు. గడువు ఉంటే పని చూపించాల్సిన భయం ఉంటుంది. రెండోది ధరలు. అక్కడ రేటు పెంచాలంటే మళ్ళీ బ్యాలెట్ పెట్టాలి కాబట్టి ధరల పెరుగుదల మాట ముందే రాసుకోని పాత వాటాలు అక్కడే ఆగిపోయాయి, జీతాలు, కరెంటు మాత్రం పెరుగుతూ పోయాయి, చివరికి వచ్చే వాటా ఖర్చులకి చాలకుండా పోయింది. ఏటా ఇంత శాతానికి మించకుండా పెరగొచ్చు అని మొదటి బ్యాలెట్ మీదే ఉంటే ఈ గొడవ రాదు.

ఒక ప్రశ్న మాత్రం మొదటి మీటింగులోనే తేల్చుకోవాలి, రాత్రి సంగతి. షాపులు తొమ్మిదిన్నరకి మూస్తారు, కాళేశ్వరరావు మార్కెట్ వైపు తెల్లవారుజామున కూరగాయల ఆటోలు, ట్రాలీలు దిగడం మొదలవుతుంది. ఆ మధ్య గంటల్లో జాగా ఖాళీ. సెల్లార్ లేని పాత ఇళ్ళల్లో ఉండేవాళ్ళు కార్లు పెట్టుకోడానికి నెల పాసులు అడుగుతారు, ట్రాలీల వాళ్ళు ఓ రెండు గంటల సేపటికి అడుగుతారు. ఆ డబ్బు కూడా అదే ఖాతాలో పడి ఓనర్ల వాటా ఆ మేరకు తగ్గాలి, రాత్రి వాచ్‌మన్ జీతం అందులోంచే పోవాలి, తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఒప్పందంలో పేరుతో సహా ఉండాలి.